యుద్ధకాలమున మా వసతిగృహములు



రెండవ ప్రపంచ సంగ్రామమును గూర్చి వెలువడిన గ్రంథములు అసంఖ్యాకములు. సేనాపతుల వ్యూహములు, నౌకల గమనములు, విమానముల సంఖ్యలు, సంధిపత్రముల తేదీలు వానియందు సవిస్తరముగా లభించును. కాని ఆ ఆరు సంవత్సరముల కాలము కృష్ణాడెల్టా కొసన, చెరుకుపల్లి చుట్టుపట్ల పల్లెలనుండి తల్లిదండ్రులను విడిచి తెనాలికో, రేపల్లెకో, బాపట్లకో, నిడుబ్రోలుకో పోయి, వసతిగృహములలో తలదాచుకొని చదువుకొనిన పిల్లలు ఏమి తినిరి, ఏ దీపము క్రింద చదివిరి, ఏ బట్ట కట్టిరి, ఏ భయముతో నిద్రించిరి అను సంగతి ఆ గ్రంథములలో కానరాదు. ఆ పిల్లలలో నేనొకడను. వారి పక్షమున నాలుగు మాటలు మనవి చేయుటకై నేడు మీ ముందుకు వచ్చితిని. నేను చెప్పదలచినది ఒక్కటియే: యుద్ధము పసివానియొద్దకు వచ్చునప్పుడు విస్తరి రూపమున, దీపము రూపమున, పుస్తకము రూపమున వచ్చును, ఆ మూడింటిని కాపాడి, కొరతను అందరికిని సమముగా పంచిన వార్డెనులు, వంటవారు, ఉపాధ్యాయులు ఒక తరమును నిలబెట్టిరి, వారి చరిత్ర వ్రాయవలసిన చరిత్ర.

మొదట మా ప్రాంతము సంగతి కొంత చెప్పవలెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టి, కాలువలు త్రవ్వి, నీరు సముద్రతీరముదాక పారించిన పిమ్మట ఈ నేల మాగాణియై, రైతు గాదెలలో ధాన్యము నిలిచి, పిల్లవానిని పైచదువునకు పంపవలెనను కోరిక పల్లెపల్లెలోను పుట్టెను. కాని ఉన్నత పాఠశాలలు అన్ని గ్రామములలోను లేవు. ఎనిమిది పది మైళ్లు బురదదారిని నడచియో, ఎడ్లబండి నెక్కియో, రేపల్లె రైలు పట్టుకొనియో పట్టణమునకు చేరవలెను. చేరిన పిమ్మట అచ్చటనే ఉండవలెను. అందుచేత వసతి అనునది విద్యకు అలంకారము కాదు, మూలాధారము.

ఆ వసతి పలు రూపములుగ ఉండెడిది. దాతల ద్రవ్యముతో ఆయా కులములవారు తమ బాలుర కొరకు కట్టించుకొనిన హాస్టళ్లు కొన్ని. లూథరన్, బాప్టిస్టు, సాల్వేషన్ ఆర్మీ మిషనులవారు నడిపిన బోర్డింగు బడులు కొన్ని. ఊరి బడిలో గడప అవతల కూర్చుండవలసి వచ్చిన పేద బిడ్డలకు తొలిసారిగ పలకను, పక్కను, పూటకూటిని ఒకేచోట ఇచ్చినవి అవియే. లూథరన్ మిషనరీ హేయరు దొర గుంటూరున అడుగుపెట్టిన 1842 జూలై 31వ తేదీకి సరిగా నూరేండ్లు నిండినది ఆ యుద్ధమధ్యముననే. చెరుకుపల్లికి చేరువనున్న కావూరులో గొల్లపూడి సీతారామశాస్త్రిగారి వినయాశ్రమము గాంధీమహాత్ముని నిర్మాణ కార్యక్రమమునకు నెలవై, రాట్నమును, ఖద్దరును, అస్పృశ్యతా నివారణమును నిత్యజీవనమున పాటించుచుండెను. తరువాతి కాలమున స్వామి సీతారాం అను పేర, ఆంధ్రరాష్ట్రము కొరకు 1951లో ముప్పదియైదు దినములు నిరాహారదీక్ష పూనిన మహాశయులు వీరే. గుంటూరులో ‘మాలపల్లి’ నవలాకర్తయగు ఉన్నవ లక్ష్మీనారాయణగారును, వారి ధర్మపత్ని లక్ష్మీబాయమ్మగారును 1922లో నెలకొల్పిన శారదానికేతనము బాలికలకు, అనాథలగు స్త్రీలకు ఇల్లును బడియు తానేయై యుండెను. ఇవేవియు దొరకని పిల్లలు ఇద్దరు ముగ్గురు కలసి ఒక గది అద్దెకు తీసుకొని స్వయంపాకము చేసుకొనెడివారు. మరికొందరు బీద బ్రాహ్మణ బాలురు వారములు చేసుకొనెడివారు. సోమవారము ఒకరి ఇంట, మంగళవారము మరియొకరి ఇంట భుజించుచు, ఆ ఏడు గృహముల దయాధర్మములపై చదువు సాగించెడివారు.

1939 సెప్టెంబరు 3వ తేదీన బ్రిటను యుద్ధము ప్రకటించుటయు, భారతీయుల సమ్మతి యడుగకయే వైస్రాయి మనలను ఆ యుద్ధమున చేర్చుటయు, రాజాజీ మంత్రివర్గము రాజీనామా ఇచ్చుటయు పెద్దలకు పెద్ద సంగతులు. మాకు మొదటి రెండేండ్లలో యుద్ధమనగా వార్తాపత్రికలోని పటమే. బోధనోపకరణముల గదిలోని ఐరోపా పటమును గోడకు తగిలించి మా చరిత్ర ఉపాధ్యాయులు వార్సా, పారిస్ నగరములను బెత్తముతో చూపుచుండగా, ఆ ఊళ్లు మాకు సూర్యచంద్రులంత దూరముగ తోచెడివి. యుద్ధనిధికి చందాలిండని పై అధికారులు పాఠశాలలకు వచ్చి చెప్పిపోయినప్పుడు మాత్రము ప్రధానోపాధ్యాయుల ముఖమున ఒక సంకటము కనబడెడిది. జీతమిచ్చు ప్రభుత్వమొక ప్రక్క, ఖద్దరు కట్టిన మనస్సు మరియొక ప్రక్క.

1942 వచ్చెను. ఫిబ్రవరి 15న సింగపూరు పడెను. మార్చి 8న రంగూను పడెను. మార్చి 23న అండమాను దీవులు జపానువారి వశమయ్యెను. ఈ మూడు పేర్లకును తెనాలిలోని మా భోజనశాలకును గల సంబంధము మాకు నెలలు తిరుగకుండగనే బోధపడెను. బర్మానుండి ఏటేట పదిలక్షల టన్నులకు మించి వచ్చుచుండిన బియ్యము ఆగిపోయెను. ఆ లోటు పూరించుటకు మా డెల్టా ధాన్యముపై ప్రభుత్వము దృష్టి పడెను. కిరసనాయిలు బర్మా గనులనుండి వచ్చెడిది, అదియు ఆగెను. రబ్బరు మలయానుండి వచ్చెడిది. అందుచేత సైకిలు టైరు బంగారమయ్యెను. పెట్రోలు సైన్యమునకు పోగా బస్సుల వెనుక కొలిమి అమర్చి బొగ్గు కాల్చి ఆ వాయువుతో నడిపిరి. ఆ బొగ్గుబస్సు మిట్టయెక్కలేక నిలిచిపోయినప్పుడెల్ల ప్రయాణికులు దిగి తోయుట సామాన్య దృశ్యము. క్వినైను జావాదీవినుండి వచ్చెడిది. ప్రపంచమునకు కావలసిన సింకోనా పట్టలో పదింట తొమ్మిది పాళ్లు అచ్చటిదే. తపాలా కచేరీలో స్వల్పమూల్యమునకు లభించుచుండిన క్వినైను పొట్లము కరవైనప్పుడు, కాలువల నడుమనున్న మా ఊళ్లలో చలిజ్వరము వచ్చిన పిల్లవాడు కంబళి క్రింద వణకుచు ఆ జ్వరము తనంతట తాను విడుచుదాక కాచుకొనవలసినదే. భూగోళశాస్త్రమును మేము అట్టి రీతిని, శరీరముతోను ఆకలితోను నేర్చితిమి.

ఏప్రిలు 6, సోమవారము. ముందునాడు ఈస్టరు పండుగ. బోర్డింగు బడులలో పిల్లలు ఉతికిన బట్టలు కట్టి ఆరాధనకు పోయి వచ్చిరి. మరునాడు విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసెను. బంగాళాఖాతమున ఆ దినములలో ఇరువదికి సమీపముగ వర్తక నౌకలు మునిగెను. మదరాసు నగరమును వదలి, అచ్చట పనిలేనివారెల్లరును పోవలసినదని ప్రభుత్వమువారే ప్రకటించినంతట, మూటలతో ముంతలతో క్రిక్కిరిసిన రైళ్లు ఉత్తరముగ వచ్చెను. మా పల్లెలలో ఏండ్లతరబడి తలుపులు తీయని ఇండ్లు తెరువబడెను. పట్టణపు యాసతో మాటలాడు పిల్లలు మా వీథులలో కనబడిరి. సముద్రము మాకు పది పండ్రెండు మైళ్లలో ఉన్నది. 1611లో ఆంగ్లవర్తకుల నౌక ‘గ్లోబు’ వచ్చి లంగరు దించిన నిజాంపట్టణపు తీరము అదియే. మూడువందల ముప్పదియొక్క ఏండ్ల పిమ్మట ఆ ఆంగ్లేయుల రాజ్యమును కూల్చుటకై మరియొక జాతివారు ఆ తీరముననే దిగుదురేమోయని మా పెద్దలు అరుగులపై కూర్చుండి భయపడిరి.

ఆ వారములో హాస్టళ్ల గుమ్మములయొద్ద బండ్లు బారులు తీరెను. తండ్రులు వచ్చిరి. పరీక్షలు జరుగునా, జరుగవా అని ఎవ్వరికిని తెలియదు. ఒక రైతు తన కుమారుని ట్రంకుపెట్టె భుజముపై పెట్టుకొని, “మేష్టారూ, చదువు మళ్లీ చదువుకోవచ్చు, వీణ్ణి మళ్లీ తేలేనుగదండీ” అని పలికిన మాట నేటికిని నా చెవులలో ఉన్నది. మా వార్డెనుగారు ఆ రైతును వారింపలేదు. పుస్తకములు మాత్రము మరువవద్దని చెప్పి, ఏ పాఠములు ఇంటియొద్ద చదువవలెనో ఒక కాగితముపై వ్రాసియిచ్చి, బండి కదలుదాక నిలిచిరి. ప్రతి పిల్లవానికిని అట్లే వ్రాసియిచ్చిరి. వేసవి గడచి జూనులో బడి తెరచునప్పటికి పోయినవారిలో పెక్కుమంది తిరిగి వచ్చిరనగా, ఆ కాగితపు ముక్కకు అందులో భాగము కలదని నా విశ్వాసము.

అదే సంవత్సరమున వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తన భవనములను సైన్యమునకు విడిచి గుంటూరునకు తరలివచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు అప్పుడు ఉపాధ్యక్షులు. సముద్రపుటొడ్డున కొండపై విశాలముగ నున్న విద్యాలయము పట్టణములోని అద్దెయిండ్లలోనికి, ఇరుకు గదులలోనికి వచ్చి పాఠములు చెప్పనారంభించుట చూచిన మాకు, విద్యాలయమనగా గోడలు కాదు, గురువును శిష్యుడును కలియు స్థలమని తెలిసెను.

ఇక ఆగస్టు. 8వ తేదీన బొంబాయిలో క్విట్ ఇండియా తీర్మానమయ్యెను. 9వ తేదీ తెల్లవారుజామున నాయకులెల్లరు నిర్బంధింపబడిరి. 12వ తేదీన తెనాలి పట్టణమున హర్తాళు జరిగెను, జనసమూహము రైలుస్టేషనుపైకి నడచెను, స్టేషను తగులబడెను, పోలీసులు కాల్చిరి, ఏడుగురు నేలకొరగిరి. ఆ వీరుల స్మృతికి నిలిచినదే నేటి రణరంగచౌకు. మా హాస్టలు తలుపులు మూసి, మమ్ముల నందరిని నడుమ సావడిలో కూర్చుండబెట్టి, వార్డెనుగారు గుమ్మమునకు అడ్డముగ తాము కూర్చుండిరి. పెద్ద పిల్లలు కొందరు ఉదయముననే వెలుపలికి పోయియుండిరి. వారొక్కొక్కరే చీకటిపడిన పిమ్మట పెరటిగోడ దాటి వచ్చుచుండగా, ఎచ్చటికి పోయితివని ఆయన ఒక్కని నైనను అడుగలేదు. లెక్కపెట్టి, అన్నము పెట్టించిరి. ఆ రాత్రి తుదిపిల్లవాడు వచ్చుదాక వంటవాడు పొయ్యి ఆర్పలేదు. మరునాడు పోలీసువారు వచ్చి హాజరుపట్టీ చూపుమనగా, ఎల్లరును గృహముననే యున్నారని వ్రాసిన పట్టీని నిబ్బరముగ చూపిరి. అసత్యము నింద్యమని మాకు నేర్పినవారు ఆయనయే. పసివాండ్రను కాపాడు భారము ఎట్టిదో ఆ పూట వారి ముఖమున చూచితిమి.

ఆ సెప్టెంబరు 1వ తేదీనుండి ప్రభుత్వమువారు దేశమంతటను గడియారములను ఒక గంట ముందుకు త్రిప్పించిరి. 1945 అక్టోబరు 15 వరకు ఆ యుద్ధకాలమే చెల్లెను. పొలము దున్ను రైతునకు సూర్యుడే గడియారము గనుక ఆయనకు బాధ లేదు. గంటతో లేచి గంటతో నిద్రించు వసతిగృహపు పిల్లవానికి మాత్రము ఆ మార్పు ఎముకలలోనికి ఎక్కెను. అయిదు గంటలకు మ్రోగు మేలుకొలుపు గంట నిజమునకు నాలుగింటికి మ్రోగుచుండెను. మార్గశిర పుష్యమాసములలో ఏడు దాటినను తూరుపు ఎఱ్ఱబడెడిది కాదు. చీకటిలో లేచి, చీకటిలో బావియొద్ద చన్నీళ్లు పోసికొని, చీకటిలో శ్లోకములు వల్లించి, చదువుటకు కూర్చుండిన పిమ్మట దీపము కావలెను. దీపమునకు చమురు లేదు. ఇంటికింతయని కొలిచి పోయు కిరసనాయిలు వసతిగృహమునకు చాలెడిది కాదు. ఒక లాంతరు చుట్టు ఆరుగురము కూర్చుండెడివారము. వెలుగు దగ్గర చోటు చిన్నపిల్లలది. పెద్దవారు వెనుక వరుస. కొన్ని నెలలు ఆముదపు ప్రమిదలు మరల వెలిగెను. తాతల కాలపు దీపపుకుందెలు అటకలపైనుండి దిగివచ్చెను. అగ్గిపుల్ల వృథా చేసిన పిల్లవాడు మరునాడు దీపము ముట్టించు వంతు పోగొట్టుకొనవలసినదే.

కాగితమునకు కరవు వచ్చినప్పుడు వార్తాపత్రికలు పుటలు తగ్గించుకొనెను; నోటు పుస్తకము ధర మా తండ్రులు బియ్యపు ధరతో పోల్చుకొనునంత హెచ్చెను. మొదట పెన్సిలుతో వ్రాసి, పిమ్మట ఆ పుటమీదనే సిరాతో వ్రాసి, అంచులలో లెక్కలు చేసి, అప్పటికిగాని పుస్తకము ముగిసినట్లు కాదు. ఫోర్తు ఫారము చదువు పిల్లలు కూడ మరల పలకలు పట్టిరి. పాఠ్యపుస్తకము నలుగురికి ఒకటి. అందుచేత బిగ్గరగ ఒకడు చదువ ముగ్గురు వినుట అలవాటై, వినికిడిచేతనే పద్యములు, గద్యములు, చరిత్ర తేదీలు మాకు కంఠస్థములయ్యెను. కావూరున జన్మించిన తుమ్మల సీతారామమూర్తిగారు అప్పుడు నిడుబ్రోలు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. అట్టి పండితుల తరగతిలో పుస్తకము లేకున్నను పాఠమునకు కొదవలేదని అచ్చట చదివిన మిత్రులు గర్వముతో చెప్పుకొనెడివారు.

నాణెముల కథయు చెప్పవలెను. 1940లో రూపాయిలోని వెండి పదునొకండు పండ్రెండవ వంతులనుండి సగమునకు తగ్గింపబడెను. ఒంటిరూపాయి కాగితము చలామణిలోనికి వచ్చెను. పాత వెండిరూపాయలను మా తల్లులు కుండలలో దాచిరి. చిల్లర మాయమయ్యెను. 1943లో రాగిని పొదుపు చేయుటకై నడుమ రంధ్రముతో పోసిన కాణి వచ్చెను. ఆ చిల్లుకాణిని మేము మొలత్రాటికి గ్రుచ్చుకొని తిరిగెడివారము. బట్టకు కంట్రోలు వచ్చెను. ముతక కంట్రోలు గుడ్డకు కూపను పట్టుకొని ఉదయమునుండి క్యూలో నిలువవలెను. క్యూ, కంట్రోలు, కూపను, పర్మిట్టు, బ్లాకుమార్కెట్టు అను మాటలు బడిలో నేర్పకయే పల్లెటూరి ముసలమ్మలకు సైతము వచ్చెను. వినయాశ్రమము, శారదానికేతనము వంటి చోట్ల రాట్నము తిరుగుచుండుటచే అచ్చటి పిల్లలు ఆ క్యూలకు కొంత దూరముగ నుండిరి. తాము వడకిన నూలు తమ ఒంటిపైకి వచ్చుటలోని గౌరవము అప్పుడుగాని లోకమునకు తెలియలేదు.

అన్నము విషయమున మాది బియ్యపు సీమయే యైనను, ధాన్యము ప్రభుత్వపు సేకరణకు పోవలెను. పర్మిట్టు లేనిదే బస్తా జిల్లా ఎల్ల దాటరాదు. ఇంటినుండి పిల్లవాని పేర బండిపై వచ్చు బియ్యము వంతులు తప్పెను. వారములు చేసుకొనువారి స్థితి అందరికన్న దయనీయము. ఏడు గృహములలో రెండు గృహములవారు, “నాయనా, మా పిల్లలకే చాలడము లేదు” అని కన్నీటితో చెప్పినప్పుడు ఆ పిల్లవానికి వారములో రెండు దినములు ఉపవాసమే. అట్టి బాలురను కొందరిని మా వార్డెనుగారు, నిబంధన లంగీకరింపకున్నను, వంటయింటి వెనుక వసారాలో కూర్చుండబెట్టి భోజనము పెట్టించెడివారు. లెక్కలలో ఆ విస్తళ్లు ‘అతిథులు’ అని వ్రాయబడెడివి.

ఇచ్చట ఒక కట్టుబాటును గూర్చి వివరముగ చెప్పుదును; ఏలయన నా ప్రసంగమునకు అదియే హృదయము. ఇంటినుండి వచ్చు ఆవకాయ, మాగాయ, గోంగూర, కందిపొడి, నేయి అప్పటివరకు ఎవరివి వారివి. కలిగినవాడు నేయి పోసుకొని తినుచుండ, లేనివాడు మజ్జిగ నీళ్లతో ముగించెడివాడు. 1943 వేసవి సెలవుల పిమ్మట వార్డెనుగారు జాడీలన్నియు ఒకే అరలో చేర్పించి, ఏ జాడీ ఎవరిదో చెప్పరాదని, వంతులుగ అందరికిని వడ్డింపవలెనని నియమము చేసిరి. ఒక పెద్ద రైతు కోపముతో వచ్చి, “ఏమండీ మేష్టారూ, మా ఆడవాళ్లు పిల్లవాడికని పెట్టిన పచ్చడి ఊరందరికీ పంచుతారా?” అని అడిగెను. ఆయన నిదానముగ, “మీవాడు ఒక్కడే తింటే ఆ జాడీ నెలరోజులు వస్తుందండి. అందరూ తింటే వారంలో అయిపోతుంది. ఆ మీద మీవాడికి పది ఇళ్ల పచ్చళ్లు వస్తాయి, పదిమంది తోడు వస్తారు. ఈ రోజుల్లో ఏది కావాలో మీరే చెప్పండి” అనిరి. ఆ రైతు కొంతసేపు మాటలాడలేదు. మరుసటి నెల ఆయన బండిలో రెండు జాడీలు వచ్చెను.

నేను సత్యమునే చెప్పవలెను. ఆ సమత్వము మా గుమ్మముదాకనే. మా హాస్టలు ఒక కులమువారిది. మా జాడీల అర మా వారికే. అదే ఊరిలో మరియొక వీథిని బోర్డింగు బడిలో నలుబదిమంది పేద బిడ్డలు జావ త్రాగి పండుకొనిన రాత్రి, మాకు పెరుగుండిన దినములు లేకపోలేదు. పట్టణములో కొందరు నిర్వాహకులు పిల్లల పేర వచ్చిన చక్కెరను, కిరసనాయిలును చాటుగ అమ్ముకొనిరను అపవాదమును మేము వింటిమి. యుద్ధము మంచివారిని సృష్టింపలేదు, చెడ్డవారిని సృష్టింపలేదు. ఉన్నవారిని వెలుగులోనికి తెచ్చెను. ఒకే బంతిని సవర్ణులను, హరిజనులను కూర్చుండబెట్టి భుజించిన గాంధేయాశ్రమములు మాకన్న ముందడుగు వేసినవని, అప్పుడు మేము గ్రహింపవలసియుండియు గ్రహింపలేదని, ఇంత వయస్సు వచ్చిన పిమ్మట ఒప్పుకొనుచున్నాను.

1943లో వంగదేశమున క్షామము వచ్చెను. లక్షోపలక్షల జనులు, ముప్పది లక్షలవరకు అని పలువురి అంచన, ఆకలిచేతను రోగములచేతను నశించిరి. కలకత్తా వీథులలోని అస్థిపంజరముల ఛాయాచిత్రములు పత్రికలలో వచ్చినప్పుడు మా భోజనశాలలో సద్దు లేదు. వారమునకు ఒక పూట భోజనము మాని, ఆ బియ్యము వంగదేశమునకు పంపవలెనని పెద్ద పిల్లలు కోరిరి. వార్డెనుగారు పండ్రెండేండ్లలోపు వారికి ఆ నియమము వర్తింపదని మాత్రము షరతు పెట్టి అంగీకరించిరి. పోలిక కొరకు ప్రపంచమువైపు చూడుడు. 1939 సెప్టెంబరు తొలిదినములలో ఇంగ్లండున బాంబుల భయముచే పదునైదు లక్షలమందిని, వారిలో పెక్కురు బడి పిల్లలు, పట్టణములనుండి పల్లెలకు తరలించిరి. 1942లో నవానగరు సంస్థానాధీశ్వరుడు బాలాచడి గ్రామమున, యుద్ధముచేత దిక్కులేనివారైన పోలండు దేశపు బాలలకు వందలకొలదిగ ఆశ్రయమిచ్చి, బడి కట్టించి పోషించెను. ఆ దేశముల వారు ఆ కథలు వ్రాసికొనిరి, ఫలకములు నిలిపిరి, వృద్ధులైన ఆ పిల్లలను పిలిచి వారి మాటలు భద్రపరచిరి.

మనమో? 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు భస్మమై, 15వ తేదీన జపాను లొంగినట్లు తెలిసిన నాడు ఊరిలో రేడియోగల ఒక వర్తకుని ఇంటిముందు నిలిచి మేము ఆ వార్త వింటిమి. రెండేండ్లకు స్వాతంత్ర్యము వచ్చెను. ఆ సంతోషమున పాతబాధలు మరుగుపడుట సహజమే. హాస్టళ్ల భవనములు మారెను. పాత లెక్కపుస్తకములు, హాజరుపట్టీలు చెదలకు పోవుచున్నవి, లేదా తూకమునకు పోవుచున్నవి. ఆ వార్డెనులు, వంటవారు ఒక్కరొక్కరే గతించిరి. ఏ దినమున ఎన్ని శేర్ల బియ్యము వండిరి, ఎందరికి వండిరి, ఎన్ని విస్తళ్లు ‘అతిథుల’ పేర లేచినవి, ఏ నెలలో దీపపు చమురు లేదు, ఏ పిల్లవాడు జీతము కట్టలేక మానివేసెను, ఎవని జీతము ఎవరు కట్టిరి, ఈ సర్వమును ఆ పద్దులలో ఉన్నది. ఒక రాజ్యము యుద్ధముచేయుచుండగా ప్రజ ఎట్లు బ్రతికినదో తెలుపు సాక్ష్యము అంతకన్న నమ్మదగినది మరియొకటి నాకు తెలియదు. ఏలయన దానిని వ్రాసినవారు చరిత్ర కొరకు వ్రాయలేదు, మరునాటి వంట కొరకు వ్రాసిరి.

కావున నా ప్రార్థన రెండు విధములుగ నున్నది. తెనాలి, రేపల్లె, బాపట్ల, పొన్నూరు, చెరుకుపల్లి ప్రాంతముల పాఠశాలల ప్రధానోపాధ్యాయులును, హాస్టళ్ల ధర్మకర్తలును, సంఘముల పెద్దలును తమ బీరువాలను ఒకమారు తెరచి, ఆ ఆరు సంవత్సరముల పద్దులు, పట్టీలు, ఉత్తరములు ఉన్నచో వెలికితీసి, గ్రంథాలయములందు భద్రపరుపవలెను. ఇండ్లలో నున్న వృద్ధులను వారి మనుమలు కూర్చుండబెట్టి, “తాతయ్యా, అప్పుడు మీరేం తిన్నారు? అమ్మమ్మా, దీపం లేకుండా ఎలా చదివారు?” అని అడిగి వ్రాసికొనవలెను. యువకులైన చరిత్రకారులు రాజధానులలోని దస్తరములతోబాటు ఈ వంటయింటి దస్తరములను చదువవలెను.

రెండవది పాలకులకు, దాతలకు, తల్లిదండ్రులకు. కరవు వచ్చినప్పుడు, కలహము వచ్చినప్పుడు, ధరలు పెరిగినప్పుడు, ఖర్చు తగ్గించుకొనవలసి వచ్చుట తప్పదు. మొదట దేనిని తగ్గింతుమనునదే ఒక సమాజపు శీలమును తెలుపును. హాస్టలు పిల్లవాడు సభ చేయలేడు, అర్జీ పెట్టలేడు, తన ఆకలిని ఇంటికి వ్రాసి తల్లిని ఏడిపింపను లేడు. అందుచేత అతని విస్తరిలో కోత పెట్టుట మిక్కిలి సులభము. సులభమైనదానిని చేయకుండుటయే ధర్మము. మమ్ము పెంచిన ఆ పెద్దలు తాము ఒక పూట మాని, మా పూట నిలిపిరి. తమ గదిలో దీపమార్పి, మా నడుమ లాంతరు పెట్టిరి. వారికి మేము తీర్పవలసిన ఋణము వారికే తీర్పలేము. నేడు మన ఊళ్లలోని వసతిగృహములలో నిద్రించుచున్న పిల్లలకు, వారు ఏ కులమువారైనను, ఏ వీథివారైనను, ఒకే బంతిని, ఒకే గరిటెతో, కడుపునిండ అన్నము పెట్టుటయే ఆ ఋణము తీర్చు మార్గము.